దిష్టి మోయని తొట్టి

నేను ఒక గాజుతొట్టిని. ఐదు పలకలు, వాటిని పట్టి ఉంచే జిగురు, అంతకుమించి నాలో ఏమీ లేదు. గాజుకు మూలం ఇసుక అంటారు. ఆ ఇసుక ఏ ఏటిదో నాకు తెలియదు. తెలియని వంశాన్ని గురించి గొప్పలు చెప్పుకోవడం నా స్వభావం కాదు. బెజవాడలో ఒక గాజు దుకాణంలో నన్ను అతికించారు. జిగురు ఆరాక నీళ్లు నింపి, కింద పాత వార్తాపత్రికలు పరిచి మర్నాటిదాకా ఉంచారు. కాగితం తడవలేదు. నేను నెగ్గిన మొదటి పరీక్ష అదే. మనుషుల నమ్మకాల్లో చాలావాటికి ఆపాటి పరీక్షైనా జరగదని తర్వాత తెలుసుకున్నాను.

నన్ను మొదట కొన్నది తెనాలిలో బట్టలకొట్టు నడిపే ఒక కుటుంబం. ఇంటి ఇల్లాలు కామేశ్వరమ్మ. వాస్తు ప్రకారం హాలులో ఈశాన్యం మూలన నన్ను పెట్టారు. నీళ్లు పోసిన రోజే బంగారు చేపలు దిగాయి. శుక్రవారం వస్తే గడపకు పసుపు రాసిన చేత్తోనే ఆమె నన్ను ఖాళీ చేసి, తోమి, తళతళలాడించి, పంపు కింద కొత్త నీళ్లు పట్టేది. కొన్నాళ్లకు ఒక చేప వెల్లకిలా తేలేది. ఆమె చేతులు జోడించేది.

"ఇంటిమీద పడ్డ దిష్టంతా మోసుకుపోయింది, పిచ్చితల్లి," అనేది.

సాయంత్రానికి మరో చేప వచ్చేది. కామేశ్వరమ్మ కఠినురాలు కాదు. చచ్చిన చేపను చెత్తలో వేయనిచ్చేది కాదు; మల్లెపాదులో పూడ్పించేది. అయితే అది ఎందుకు చచ్చిందని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. జవాబు ముందే సిద్ధంగా ఉన్నచోట ప్రశ్నకు పని ఉండదు.

ఇంటికి మరమ్మతులు చేయించినప్పుడు నేను మేడమీదికి చేరి కొంతకాలం ఉల్లిపాయలు మోశాను. అక్కడినుంచి నన్ను అడిగి తీసుకువెళ్లినవాడు ఆమె మరిది భానుమూర్తి, గుంటూరులో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరరు. ఆయన భార్య వకుళ కామేశ్వరమ్మకు స్వయానా చెల్లెలు. వకుళకు ఏళ్లుగా మైగ్రేన్. నొప్పి వస్తే వెలుతురు భరించలేదు. అందుకని ఆమె గది కిటికీలకు ఎప్పుడూ దళసరి తెరలే. కిటికీ తెరిచి తోట చూపించలేని మనిషి, తోటనే లోపలికి తేవాలనుకున్నాడు.

నా అడుగున కడిగిన సన్నగులకరాళ్లు పరిచాడు. రోజుల తరబడి నానబెట్టిన ఒక కర్రమొద్దుకు జావా ఫెర్న్‌ను, పక్కనున్న రాయికి అనూబియాస్‌ను నల్లదారంతో కట్టాడు. మసక వెలుతురు చాలుననే మొక్కలవి. కాండాన్ని రాళ్లలో పాతితే మాత్రం కుళ్లిపోతాయి. పంపునీళ్లకు క్లోరిన్ విరుగుడు కలిపి పోశాడు. చిన్న లైటు, స్పాంజి ఫిల్టరు అమర్చాడు. తర్వాత వారాల తరబడి, చేపలు లేని నాలో రోజూ చిటికెడు మేత వేశాడు.

"లేని చేపలకు మేతేమిటండీ?" అంది వకుళ.

"ముందు కంటికి కనపడనివాళ్లు కాపురానికి రావాలి. చేపల మలినాన్ని అరిగించుకునేది వాళ్లే. ఆ స్పాంజిలో స్థిరపడతారు."

"మా అక్కయ్యింట్లో చేపలుండేవి. మనింట్లో దయ్యాలన్నమాట."

"దయ్యాలు పరీక్షకు నిలబడవు. ఈ సూక్ష్మజీవులు నిలబడతాయి," అంటూ ఆయన గాజునాళికలో నా నీళ్లు తీసి రంగుచుక్కలు వేసి చూశాడు.

పరీక్ష సంతృప్తికరంగా తేలాకే రోజీ బార్బ్ అనే చిన్న చేపలు నాలోకి వచ్చాయి. తోక కొస చిరిగిన ఒకదానికి వకుళ చింపిరి అని పేరు పెట్టింది. నొప్పి లేని సాయంత్రాలన్నీ మా ఎదురుగానే కూర్చునేది.

భానుమూర్తి ఎవరిదో పెళ్లికని రేపల్లె వెళ్లిన రోజు శుక్రవారం. కొత్త తొట్లలో సహజంగా పట్టే గోధుమరంగు మడ్డి నా ఆకుల మీద పట్టి ఉంది. వకుళ చూడలేకపోయింది. పుట్టింటి అలవాటు చేతుల్లోకి వచ్చింది. రాళ్లు తోమింది, స్పాంజిని పంపు కింద తెల్లగా వచ్చేదాకా పిండింది. నేను అద్దంలా మెరిశాను. ఆ మెరుపులో కంటికి కనపడని కాపురాలన్నీ కొట్టుకుపోయాయి.

ఆదివారానికి చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరిచాయి. చింపిరి గులకరాళ్లమీద పక్కకు ఒరిగిపోయింది. చెల్లెల్ని చూడవచ్చిన కామేశ్వరమ్మ దాన్ని గమనించింది.

"ఇవాళ తలనొప్పి ఎలా ఉందే?"

"లేదక్కయ్యా. చిత్రం, పొద్దుటినుంచీ తేలిగ్గా ఉంది."

"మరింకేం. నీ నొప్పి అదే తీసుకుపోతోంది. కదపకు. పోనీ దాన్ని."

వకుళ నా ముందు నిలబడిపోయింది. ఏళ్ల తరబడి చీకట్లో పడుకున్న మనిషి ఆమె. తేలికపడ్డ తల ఎంత విలువైనదో ఆ గదిలో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ ముఖంలో ఆశ కనిపించలేదని నేను అబద్ధం చెప్పను. కాసేపటికి ఆమె భర్తకు ఫోను చేసింది.

"స్పాంజి కడిగావా?" అన్నాడాయన.

"తెల్లగా వచ్చేదాకా."

"సరేలే. సగం నీళ్లు తీసేసి, విరుగుడు కలిపినవి మెల్లగా పొయ్యి. మేత వెయ్యకు. రేపు మళ్లీ మారుద్దాం."

వకుళ మగ్గు చేతికి తీసుకుంది.

"ఎందుకే, వచ్చిన మేలు నువ్వే పారబోసుకుంటావు?" అంది కామేశ్వరమ్మ.

"నా నొప్పి నాది అక్కయ్యా. వేలెడంత లేదు, దాని నెత్తిన పెట్టనా?"

కామేశ్వరమ్మ కొంగు నడుముకు దోపి, బకెట్టు తానే అందుకుంది. "నువ్వు బరువులెత్తకు. మళ్లీ తల పట్టుకుంటుంది," అంది.

చింపిరి బతికింది. రెండు రోజులకు వకుళ తలనొప్పీ వచ్చింది. ఈ మాట దాస్తే కథ ముచ్చటగా ఉండేది, కాని నిజం కాదు. నాలో ఏ మహిమా లేదు. నొప్పి వచ్చిన రోజుల్లో ఆమె నా లైటు ఆర్పి పడుకుంటుంది. ఆకుల నీడలో చేపలూ కదలకుండా ఉంటాయి. ఎవరి బాధా ఎవరూ మోయకుండానే మేము ఒకే చీకట్లో తోడుగా ఉంటాం.

వానలు వెళ్లాక కామేశ్వరమ్మ మళ్లీ వచ్చింది. నా ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. ఫెర్న్ కొత్త ఆకు విప్పుకుంటోంది. దాని కిందుగా చిరిగిన తోక ఒకటి మెల్లగా కదిలింది.

"ఇది అదేనా?"

"అదే అక్కయ్యా," అంది వకుళ.

"ఎన్నాళ్లు బతుకుతాయి మరిదిగారూ, ఇవి?"

"బతకనిస్తే కొన్నేళ్లు, వదినగారూ."

ఆమె నన్నే చూస్తూ, "బంగారు చేపలో?" అని అడిగింది.

"అవి ఇంకా ఎక్కువ," అన్నాడు భానుమూర్తి, నెమ్మదిగా.

కామేశ్వరమ్మ అరచెయ్యి చాచి నా గాజుమీద ఆనించింది. అవతలివైపునుంచి చింపిరి వచ్చి ఆ వేళ్ల దగ్గర ఆగింది. ఆమె వెళ్లిపోయాక ఆ చేతి గుర్తు నామీద అలాగే ఉంది. ఆ రోజు శుక్రవారం. అయినా వకుళ దాన్ని తుడవలేదు.