కొల్లేటికోటలో ఐదుకి ఐదు

నలభై ఇళ్ళ సర్వే ఫారాలూ భాస్కరరావు సార్ నా ముందు పడేశారు. ఆయన నా గైడు. తాడేపల్లిగూడెం దగ్గర ఒక పీఠంవారు నడిపే విశ్వవిద్యాలయంలో మూడేళ్ళుగా ఆయన కింద పరిశోధన చేస్తున్నాను. పీఠంవారు కొల్లేటికోటలో పెట్టించిన వాటర్ ప్లాంటు ఊరికి ఎంత ఉపయోగపడుతోందో ఊరివాళ్ళతో కలిసి తేల్చడం నా అంశం.

"నలభై ఇళ్ళూ ఐదుకి ఐదు మార్కులేనా సబీహా? ఏలూరులో మీ ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని టిక్కులు పెట్టుకొచ్చావు."

నాకు ఒళ్ళు మండింది. ఎండలో నలభై గుమ్మాలు ఎక్కి దిగినదాన్ని. "మీరే వచ్చి అడగండి సార్" అన్నాను.

"వస్తాను. అబద్ధమని తేలితే నీ రిజిస్ట్రేషన్ రద్దు" అన్నారాయన.

మర్నాడు విభూతి పెట్టుకుని, కండువా వేసుకుని వచ్చారు. మొదటి ఇల్లు చేపలమ్మే వెంకటనరసమ్మగారిది. ఆవిడ రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, చెరో గ్లాసు చల్లటి నీళ్ళిచ్చింది.

"ప్లాంటు నీళ్ళెలా ఉన్నాయమ్మా?"

"ఆయ్, అమృతమేనండి."

"రోజూ వస్తాయా?"

"రాకేమండి."

సార్ ఐదు వేశారు. వేసి, మూలనున్న వాటర్ టిన్ను చూశారు. దాని మీద కైకలూరు కొట్టు పేరుంది. "మరి ఈ టిన్నెందుకమ్మా?"

"మీలాంటి పెద్దలొస్తారనండి" అందావిడ.

ఐదిళ్ళు తిరిగాం. ఐదూ ఐదులే. ఒకాయనైతే ఐదుకన్నా పైన మార్కులు లేవాండీ అని అడిగాడు. సార్ కోపం చల్లారిపోయింది. "నిన్ను అన్యాయంగా అన్నానమ్మా. కానీ ఈ ఐదులు పట్టుకెళ్తే ఎవరూ నమ్మరు, నీకు డిగ్రీ ఇవ్వరు" అన్నారు. దొంగనన్న నింద తప్పినందుకు సంతోషించాలో, మూడేళ్ళు పోయినందుకు ఏడవాలో తెలియలేదు.

ఆరో ఇంట్లో బుచ్చిబాబుగారు వల బాగుచేసుకుంటున్నారు. ఆయనా "బ్రహ్మాండంగా ఉందండి" అని మొదలుపెట్టారు. నాకు ఓపిక నశించింది.

"సరేలెండి. నరసమ్మగారు కూడా ప్లాంటు రోజూ ఆడుతోందన్నారు" అని ఫారం మూయబోయాను.

వల మీద ఆయన చెయ్యి ఆగిపోయింది. "ఎవరండీ, నరసమ్మత్తా? ఆవిడకేం తెలుసండి. ప్రారంభించిన రోజు మధ్యాహ్నందాకా ఆడిందండి. తర్వాత మోటారు కాలిపోయిందండి. ఇప్పుడందులో మా కోళ్ళు గుడ్లు పెడుతున్నాయండి."

ఎదురింట్లోంచి నరసమ్మగారు వీధిలోకొచ్చేసింది. "నీ కోళ్ళేంట్రా బుచ్చీ, ఆ గుడ్లు నా పెట్టలవి. మోటారు పోయింది మధ్యాహ్నం కాదు, పదింటికే."

పదింటిక్కాదు, తొమ్మిదింటికేనని పక్కింటి వీరదుర్గ వచ్చింది. అసలా రోజు ఆడనేలేదని, వెనకనుంచి టిన్ను నీళ్ళు పోశారని ఇంకొకాయన. సార్ పెన్ను పరుగు తీసింది. ఆ తర్వాత ప్రతి ఇంట్లోనూ పక్కింటివాళ్ళు బాగుందన్నారని చెబితే చాలు, నిజం దానంతటదే బయటికొచ్చింది. సాయంత్రానికి నలభై ఇళ్ళూ పూర్తయ్యాయి.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమమ్మా?" అని సార్ అడిగారు.

"మీరు పెట్టించినదాన్ని మీ మొహానే ఎలా అంటామండి? మనసు కష్టపెట్టుకోరూ?" అంది నరసమ్మగారు.

సోమవారం వైస్ ఛాన్సలర్ సూర్యప్రకాశరావుగారి గదిలో ప్రార్థన అయింది, ప్రసాదం పెట్టారు. ఈ రిపోర్టు ఆయన ఒప్పుకుంటేనే నా థీసిస్ ముందుకి కదులుతుంది.

"భాస్కరరావుగారూ, మన ప్లాంటు ఎలా ఉంది?"

సార్ చేతులు జోడించారు. "దివ్యంగా ఉందండి."

సార్ నావైపు చూడటం లేదు. నా మూడేళ్ళూ ఆ జోడించిన చేతుల మధ్య నలిగిపోతున్నాయి. పక్క విభాగంలో జయంత్ గారని ఒక ప్రొఫెసరున్నారు. ఆయనకీ మా సార్‌కీ పదేళ్ళుగా మాటల్లేవు.

"అవునండి. పోయినేడు సర్వేలో జయంత్ గారు కూడా అలాగే రాశారండి" అన్నాను మెల్లగా.

సార్ చేతులు విడిపోయాయి. "జయంతా? ఆయన ఆ ఊరి మొహమెప్పుడు చూశాడండీ? మోటారు కాలిపోయిందండి. చుక్క నీరు రావట్లేదండి. కోళ్ళు గుడ్లు పెడుతున్నాయండి. ఆ గుడ్లెవరివో కూడా ఇంకా తేలలేదండి" అని ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశారు.

వైస్ ఛాన్సలర్‌గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఉన్నదున్నట్టే రాయమ్మా. కొత్త మోటారు నేను పంపిస్తాను" అన్నారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆయన గోడవైపు తిరిగారు. అక్కడ ఆయనే నవ్వుతూ ప్లాంటు రిబ్బను కత్తిరిస్తున్న ఫొటో ఉంది.

"ఎన్నాళ్ళయిందమ్మా అది పాడై?"

సార్ నావైపు చూశారు. నేను ఆ పెద్దాయన మొహం చూశాను. చిన్నపిల్లాడిలా చిన్నబోయి ఉంది.

"ఈమధ్యేనండి" అన్నాను.