ఒకవైపు కరిగిన మన్ను

కువైట్‌లోని షుఐబాలో జూలై ఎండకు కుక్కలు కూడా ట్యాంకర్ల కింద నీడ వెతుక్కుంటాయి. అలాంటి చోట ఈశ్వరయ్య ఉన్ని టోపీ చెవుల దాకా లాక్కుని, స్వెట్టరు మీద స్వెట్టరు తొడుక్కుని పనిలోకి దిగేవాడు. చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు. అతను నవ్వేవాడు కాదు. భార్య పోయాక అతను నవ్వగా ఎవరూ చూడలేదు. అంతకు ముందు మాత్రం ఏం నవ్వినాడని అడిగేవాడు అతని గదిలోనే ఉండే చిన్నపుల్లయ్య.

అతను పనిచేసేది మట్టి పరీక్షల ల్యాబులో. అక్కడ ఒక చలిగది ఉంది. ఆ గదిని చూసుకోవడమే అతని పని. గది నిండా గొట్టాల్లో కూరిన మన్ను. కెనడా పైకొసన, చెట్లు ఇక మొలవలేక ఆగిపోయే చోట, ల్యాబు యజమానికి పైపులైను పని ఒకటి దొరికింది. అక్కడి నేలను గొట్టాలు దింపి కోసి, గడ్డకట్టింది గడ్డకట్టినట్టే విమానంలో తెప్పించారు. ఎంత బరువు మోస్తుంది, కరిగితే ఎంత కుంగుతుంది అన్నది ఇక్కడి యంత్రంలో చూస్తారు.

మన్ను అంటే మన రాయచోటి ఎర్రమన్ను లాంటిది కాదు. నాచు. ఒక ఏటి నాచు మీద ఇంకో ఏటి నాచు, వేల ఏళ్ళు పేరుకున్న నాచు. చచ్చింది చచ్చినట్టే ఉంది, కుళ్ళలేదు. మధ్య మధ్య మంచు పొరలు. చేతిలోకి తీసుకుంటే సగం మన్ను, సగం మంచు.

ఆ గొట్టాల వెనక, కింది అరలో, గళ్ళ తువ్వాలు చుట్టిన డబ్బా ఒకటి ఉండేది. దాని సంగతి ల్యాబులో ఈశ్వరయ్యకు తప్ప ఎవరికీ తెలియదు.

అది భార్య వెంకటేశ్వరి చివరిసారి చేసిన గోంగూర పుల్లగూర.

వెంకటేశ్వరి ఫింటాస్‌లో ఒక కువైటీ ఇంట్లో పనిమనిషి. రాత్రీ పగలూ అక్కడే. వారంలో ఏదో ఒక రోజు మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, బయటికి పోయినప్పుడు పొయ్యి ఖాళీ చూసుకుని మొగుడికి కూర చేసేది. చేసి, గడ్డకట్టించి, శుక్రవారం సెలవు దొరికితే తువ్వాలులో మూటగట్టి బస్సెక్కి అబూ హలీఫా వచ్చేది. అబూ హలీఫాలో ఈశ్వరయ్యది ఆరుగురు మగవాళ్ళు ఉండే గది. ఆమె మెట్ల దగ్గరే నిలబడి డబ్బా ఇచ్చి, పాత డబ్బా తీసుకుని, నాలుగు మాటలు చెప్పి పోయేది. వాళ్ళ కాపురం ఆ మెట్ల మీదే జరిగింది.

ఆ చివరి శుక్రవారం ఈశ్వరయ్యకు అదనపు డ్యూటీ పడింది. ఆమె వచ్చి, డబ్బా చిన్నపుల్లయ్య చేతికిచ్చి పోయింది. ఆ వారమే వంటింట్లో గిన్నెలు కడుగుతూ కూలిపోయింది. కాగితాలు అయ్యేదాకా ఆసుపత్రి చలిపెట్టెలో ఉంచారు. తరువాత ఈశ్వరయ్య ఆమెతో పాటే ఊరికి పోయాడు. పెట్టె తెరిచి పసుపు నీళ్ళు పోసే ముందు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మంచుగడ్డ. ఆ ఒక్క విషయంలో అతను దేవుణ్ణి ఇప్పటికీ క్షమించలేదు. బతికి ఉన్నప్పుడు ఆమె చెయ్యి ఏనాడూ చల్లగా లేదు.

తిరిగొచ్చాక గదిలో ఫ్రిజ్ తెరిస్తే మూట అక్కడే ఉంది. ఆమె వేసిన ముడి. చిన్నపుల్లయ్య వెనకనుంచి అన్నాడు.

"తినేయ్ బావా. దాచిపెట్టుకుంటే అక్క వస్తుందా?"

"నీ నోరు మూసుకో."

"ఆరుమందికి ఒగ ఫ్రిజ్జు. నా కోడి పెట్టుకోడానికి చోటు ల్యాకపాయె. నువ్వేమో గుడి కట్టినావు."

చిన్నపుల్లయ్యది వెంకటేశ్వరి పుట్టిన ఊరే. వరసకు తమ్ముడు. చనువు ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ. ఈశ్వరయ్య ఆ మర్నాడే మూటను ల్యాబుకు మోసుకుపోయి చలిగదిలో దాచాడు. తినలేదు. ముడి విప్పలేదు. తింటే ఆమె చేతి వంట భూమ్మీద ఇంక ఉండదు. అంతకంటే పెద్ద లెక్క అతని దగ్గర ఏమీ లేదు. పొద్దున్నే గది తెరిచి ఆ మూట మీద పేరుకున్న నూగు మంచును బొటనవేలితో తుడిచేవాడు. అది చాలు, ఆ రోజు గడిచేది.

ల్యాబులో ఆ మన్నును చూసే ఇంజినీరు ప్రణతి. విజయవాడ పిల్ల. పని చేస్తూ మాట్లాడుతూనే ఉంటుంది. ఒకసారి గొట్టంలోంచి మన్ను ముక్క కోసి అతనికి చూపించింది.

"ఇదిగోండి ఈశ్వరయ్యగారూ, ఈ ఆకు చూడండి. ఎన్ని వేల ఏళ్ళనాటిదో. ఇంకా పచ్చగానే ఉంది."

"ఎట్ల మేడమ్?"

"అక్కడ వేసవిలో మోకాలి లోతు వరకే కరుగుతుందండి. కింద ఎప్పటికీ కరగదు. పైనున్న నాచు ఎండాకాలం ఎండిపోయి వేడిని కిందికి పోనివ్వదు. చలికాలం అదే నాచు తడిసి, గడ్డకట్టి, చలిని మాత్రం లోపలికి పంపించేస్తుంది. వేడికి తలుపేస్తుంది, చలికి తీస్తుంది."

"అట్లాంటి మనుషులు మా పక్క చానామంది ఉండారు."

ఆమె నవ్వింది. అతను నవ్వించడానికి అనలేదు.

"అయితే గడ్డకట్టి ఉన్నన్నాళ్ళూ చెడిపోదా మేడమ్?"

"చెడిపోదు. అలాగని బతికుందనీ కాదు. ఆగిపోయింది, అంతే. కుళ్ళబెట్టే క్రిములు కూడా లోపలే ఉన్నాయి, నిద్రలో. కరిగిన రోజు లేచి తినడం మొదలుపెడతాయి."

ఈశ్వరయ్య మొదటి మాట పట్టుకున్నాడు. రెండోది వదిలేశాడు. మనిషి తనకు కావలసిందే వింటాడు.

ఆ జూలైలో దుమ్ముగాలి లేచిన మధ్యాహ్నం చలిగది కంప్రెసర్ ఆగిపోయింది. ప్రణతి సెలవులో ఉంది. టెక్నీషియన్ నయీమ్ పరుగెత్తుకొచ్చి, ఐసు పెట్టెలు తెరిచి, అన్నీ వీటిలో త్వరగా వేసెయ్యమని, తను మెకానిక్‌ను తెస్తానని అన్నాడు.

"సబ్ కుఛ్ ఇస్ మే డాలో చాచా, యల్లా, జల్దీ! మైఁ మెకానిక్ కో లాతా హూఁ."

ఐసు పెట్టెల్లో గొట్టాలకు సరిపడా చోటు ఉంది. ఒక్క మూటకు లేదు. నయీమ్ అటు పోగానే ఈశ్వరయ్య ఒక గొట్టం బయటికి తీశాడు. ఆ చోట మూట పెట్టాడు. నాలుగు వైపులా ఐసు కూరాడు. తీసిన గొట్టాన్ని ఆగిపోయిన చలిగదిలోనే, గోడకు ఆనించి నిలబెట్టాడు. వేల ఏళ్ళు నిలిచింది, ఒక పూట నిలవదా అనుకున్నాడు. ఆ గోడకు అవతల షుఐబా ఎండ.

కంప్రెసర్ మళ్ళీ తిరిగేసరికి సాయంత్రమైంది. గొట్టాన్ని దాని చోట పెట్టాడు. పొద్దుటికి మళ్ళీ రాయిలా గట్టిపడింది. పైన నూగు మంచు కూడా పట్టింది. చూస్తే ఏ తేడా లేదు.

ప్రణతి వచ్చి ఆ గొట్టాన్ని రంపంతో అడ్డంగా కోసింది. కోసి చాలాసేపు మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం అతను అదే మొదటిసారి చూడటం.

"దీన్ని ఎవరు బయట పెట్టారు?"

ఈశ్వరయ్య టోపీ చెవుల మీదికి ఇంకాస్త లాక్కున్నాడు.

"ఇటు రండి. చూడండి. ఈ మూడు వైపులా మంచు సన్నగా, పొరలు పొరలుగా నాచులో కలిసిపోయి ఉంది కదా. ఇక్కడ చూడండి. నాచు కుంగిపోయింది. నీళ్ళు విడిపోయి ఒక పక్కకు చేరి గాజులాగా గడ్డకట్టాయి. ఒకసారి కరిగితే మళ్ళీ ఎంత చలిలో పెట్టినా ఇది పాత మన్ను అవదండి. వేడి ఏ వైపునుంచి తగిలిందో కూడా చెప్పేస్తుంది. ఈ వైపు గోడకు ఆనించారు. అవునా, కాదా?"

"అవును."

"ఎందుకు?"

అతను కింది అరలోంచి మూట తీసి బల్ల మీద పెట్టాడు. "మా ఆడమనిషి చేసింది. ఆమె ల్యాదు."

ప్రణతి ఆ ముడి వంక చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ కాగితం ముందుకు లాక్కుంది.

"నేను రాయక తప్పదండి. తప్పు లెక్క ఇస్తే అక్కడ పైపు కుంగుతుంది."

"రాయండి. నేనేమన్నా అడిగినానా?"

గురువారం నయీమ్ అతని దగ్గర చలిగది తాళంచెవి తీసుకున్నాడు. ఇకమీదట పెరట్లో ఇసుక జల్లించే పని. మూట ఆ రోజే తీసుకుపోవాలన్నారు. ప్రణతి తన సొంత ఐసు పెట్టె ఖాళీ చేసి తెచ్చిచ్చింది. "ఉంచుకోండి, తిరిగి ఇవ్వక్కర్లేదు," అంది. అతను థాంక్స్ చెప్పలేదు. పెట్టెను ఒళ్ళో పెట్టుకుని బస్సులో అబూ హలీఫా చేరాడు.

శుక్రవారం పొద్దున గదిలో మిగతా నలుగురూ బజారుకు పోయారు. చిన్నపుల్లయ్య ఒక్కడే పొయ్యి దగ్గర టీ కాస్తున్నాడు. ఈశ్వరయ్య ఐసు పెట్టె ముందు కూర్చున్నాడు. ప్రణతి మాట అతని లోపల ముల్లులా గుచ్చుతోంది. ఒకసారి కరిగితే అది పాతది కాదు. కంప్రెసర్ ఆగిన పూట ఈ డబ్బా కరిగిందో లేదో తెలుసుకోవాలి. తెలుసుకోవాలంటే ముడి విప్పాలి.

ముడికి చాలాసేపు పట్టింది. వెంకటేశ్వరి ఏ పని చేసినా గట్టిగా చేసేది. గోళ్ళతో లాగి, పళ్ళతో లాగి, ఆఖరికి విప్పాడు. తువ్వాలు అంటుకుపోయి పటపటమంటూ ఊడింది. లోపల గాజు డబ్బా. పుల్లగూర మూడు వైపులా ముద్దగా, నల్లపచ్చగా, సన్నటి మంచుతో నిండి ఉంది. నాలుగో వైపు కూర కుంగి ఉంది. అక్కడ గాజుకూ కూరకూ మధ్య బొటనవేలి మందాన తేట మంచు.

ఒక వైపు కరిగి, మళ్ళీ గడ్డకట్టింది.

ల్యాబులో కాదు. అక్కడ నాలుగు వైపులా తానే ఐసు కూరాడు. అంతకు ముందే. ఇక్కడే. ఈ గదిలోనే. ఈశ్వరయ్య లేచాడు.

"రేయ్ పుల్లిగా. నా డబ్బా బయట పెట్టినావు."

"యా డబ్బా?"

"నేను ఊరికి పోయినప్పుడు. నీ కోడి పెట్టుకోడానికి దీన్ని తీసి బయట పెట్టినావు. కరిగినాంక మళ్ళీ లోపల తోసినావు. నాకు తెలవదనుకుంటివా?"

"అమ్మతోడు బావా, నేను ముట్టుకోల్యా."

"ముట్టుకోకుండా ఎట్ల కరిగిందిరా? చూడు! ఈ పక్క చూడు!"

చిన్నపుల్లయ్య టీ గ్లాసు కింద పెట్టి వంగి చూశాడు. డబ్బాను అటూ ఇటూ తిప్పాడు. అతనికి నాచూ తెలియదు, మంచూ తెలియదు. అక్క మాత్రం తెలుసు.

"బయట పెడితే ఒగ పక్కే ఎట్ల కరుగుతుంది బావా? అంతా కరుగుతుంది గదా."

"మరి?"

"అక్క ఎట్ల తెచ్చేదో మర్చిపోతివా? సంకనేసుకుని తెచ్చేది గదా, బిడ్డను ఎత్తుకున్నట్ల. ఆ పొద్దు గూడా అట్లనే వచ్చింది. బస్సు సానాసేపు నిలబెట్నారంట, సీటు దొరకల్యా. నేను మూట అందుకుంటే ఒగ పక్క తువ్వాలంతా తడి. అక్క రయికె గూడా నడుము దగ్గర తడిసిండె. నవ్వినా నేను. ఈ పక్క పుల్లగూర, ఆ పక్క చారు అని."

ఈశ్వరయ్య డబ్బాను తన వైపుకు తిప్పుకున్నాడు.

ఆమె వచ్చినప్పుడల్లా మెట్ల మీద అతను గొణిగేవాడు. గడ్డకట్టింది గడ్డకట్టినట్టు తేలేవా, సగం నీళ్ళు చేసుకొస్తావు అని. ఆమె మూట అతని చేతుల్లో పడేసి అనేది: "నా ఒంటి వేడికి కరిగింది. నీ మాదిరి సల్లటి మనిషినా నేను?"

అతను డబ్బా తీసుకుని గోడవారగా కూర్చున్నాడు. తేట మంచు ఉన్న వైపును తన పక్కటెముకలకు ఆనించుకున్నాడు. చల్లదనం చొక్కా దాటి చర్మంలోకి దిగింది. కదలలేదు. టీ చల్లారింది. కిటికీ ఏసీ రొద పెడుతూ ఉంది. కాసేపటికి చొక్కా తడిసింది. ఇంకాసేపటికి గోంగూర పులుపు వాసన గదిలోకి వచ్చింది. చిన్నగా, తలుపు సందులోంచి చూసి వచ్చినట్టు.

"సంకటి కెలుకు," అన్నాడు ఈశ్వరయ్య.

చిన్నపుల్లయ్య చప్పున లేచి ఎసరు పెట్టాడు. రాగిపిండి డబ్బా కోసం వెతుకుతూ, అటు తిరిగే అన్నాడు.

"ఇంత మాటన్నావే నన్ను. తప్పయిందనవా?"

"అనను."

"పోనీ, నాకొక ముద్ద పెడతావా?"

"పెట్టను."

"అక్కే నయం బావా. అడక్కుండా పెట్టేది."

ఈశ్వరయ్య డబ్బా వంచాడు. ఒక వైపు విడిపోయిన తేట నీళ్ళు గ్లాసులోకి ఒంపుకున్నాడు. రెండు గుక్కలు కూడా ఉండవు. తాగాడు. పుల్లగా ఉన్నాయి. చల్లగా మాత్రం లేవు.