కనకవ్వకు బద్లీ

వలస నేతకార్మికులుండే లింబాయత్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో శివకృష్ణ మాటకు విలువ ఉండేది యుద్ధం జరిగేటప్పుడే. మిగతా వేళల్లో, మీసాలొచ్చిన కుర్రాడైనా సరే, పాల ప్యాకెట్లు తెచ్చే మనిషి. కరోనా వచ్చిన మొదటి ఏడాది మగ్గాలు ఆగిపోయి అందరూ ఇంట్లో కూలబడ్డప్పుడు వాడు ఫోన్‌లో రూల్సు చదివి ఈ ఆట మొదలుపెట్టాడు. ఒక్కొక్కరికీ ఒక్కో వీరుడు, ఆ వీరుడికి కొన్ని శక్తులు, ఏ శక్తి ఫలిస్తుందో తేల్చడానికి లూడో డబ్బాలోని పాచిక. కథ నడిపేదీ, తీర్పు చెప్పేదీ శివకృష్ణ.

అక్క నీరజ ఆడేది కత్తుల కనకవ్వగా. తండ్రి లక్ష్మీరాజం గదల గంగన్న. తల్లి భూదేవి మాత్రం ఆడేది కాదు. చీరలకు లేసు కుడుతూ అందరికీ ఉచితంగా సలహాలిచ్చేది.

రెండో ఏడాది ఏప్రిల్‌లో నీరజకు కరోనా అంటుకుంది. భయమేమీ లేదు, వెనక గదిలో తలుపు వేసుకుని ఉంటే చాలన్నాడు డాక్టరు. ఆమె తలుపు వేసుకుంది గానీ ఆట మానలేదు. లోపల తన పాచిక తనే వేసి వీడియోకాల్‌లో చూపించేది. చూపించని పాచిక చెల్లదని రూలు పెట్టింది శివకృష్ణే. ఒకరోజు ఆమె దగ్గుతోందని వాడు మనసు కరిగి, రాక్షసుడి దెబ్బను కాస్త తగ్గించి చెప్పాడు. తలుపు వెనక నుంచి నిప్పులు కురిశాయి.

“నా మీద జాలి సూపెడితివా, ఇగ నేనాడ. నేను పండుకున్నా సరే ఆట ఆగొద్దు. సస్తే కనకవ్వ సస్తది, నేను కాదు గదా.”

ఆ మాటతో వాడికి భయం పట్టుకుంది. లోపల ఆమెకున్న సరదా అదొక్కటే. అదీ పోతే రోజంతా గోడలు చూస్తూ కూర్చోవాలి.

మర్నాడు సాయంత్రమే వచ్చిపడింది తంటా. అగ్నిసర్పం కనకవ్వ మీదికి మంట ఊదింది. మంటను తిప్పికొట్టే అద్దాల కవచం ఆమె దగ్గరుంది. కానీ ఎవరి శక్తిని వారే, అదీ మంట తగలకముందే ప్రయోగించాలి. “అక్కా, నీ వంతు,” అన్నాడు. జవాబు లేదు. భూదేవి కిటికీలోంచి తొంగిచూసింది.

“జరం గోలి ఏసుకొని మంచిగ నిద్రవోయింది. లేపకు.”

శివకృష్ణ తల పట్టుకున్నాడు. రూలు ప్రకారం పోతే ఏడాదిగా పెంచుకున్న కనకవ్వ బూడిదవుతుంది. చూసీచూడనట్టు పోతే అది జాలి, అక్క ఆట మానేస్తుంది.

“గంత సోచాయించుడెందుకురా,” అన్నాడు లక్ష్మీరాజం. “మా కార్ఖానల ఒక మనిషి రాకుంటే వాని మగ్గాలు ఊకుంటయా? పక్కోడు బద్లీ నిలవడ్తడు.”

“ఆటల బద్లీ లేదు బాపు.”

“లేదని రాసున్నదా?”

వాడు రూల్సన్నీ తిరగేశాడు. లేదని లేదు, ఉందనీ లేదు. ఎవరి శక్తి వారిదే అంటే, ఇంకొకరి శక్తితో తన పని చక్కబెట్టుకోవద్దనా, ఆ మనిషిని కాపాడటానికి కూడా ముట్టవద్దనా? మొదటిదే న్యాయమనిపించింది. అక్క మీద ప్రేమకొద్దీ అలా అనిపిస్తోందేమోనని మళ్లీ అనుమానం.

“గట్లయితే బద్లోనికి పోయేదేమున్నది? అది జాలే అయితది.”

“ఎందుకు పోదు? తన పని ఇడిసిపెట్టి రావాలె. బట్ట ఖరాబైతే సేఠ్ బద్లోన్నే తిడతడు, ఇంట్ల పండుకున్నోన్ని తిట్టడు.”

శివకృష్ణకు ప్రాణం లేచొచ్చింది. ఇది జాలి కాదు, బేరం. వెంటనే తీర్పు చెప్పాడు. కనకవ్వ కవచాన్ని గంగన్న ఎత్తవచ్చు, కానీ ఆ పూట తన వంతు వదులుకోవాలి. కవచం ఫలించకపోతే మంట గంగన్నకే.

“జర ఆలోచించుకో,” అంది భూదేవి. సందులో ఎవరు పలకరించినా ఆయన గంగన్న ప్రతాపమే చెబుతాడని ఆమెకు తెలుసు.

నాలుగో, అంతకన్నా ఎక్కువో పడాలి. లక్ష్మీరాజం వేశాడు. ఒకటి పడింది.

గంగన్న గదతో సహా కూలిపోయాడు. ఆయనకు మొండిప్రాణమనే శక్తి ఉంది, పడ్డవాణ్ణి లేపుతుంది. అయితే తన వంతులోనే వాడాలి, ఆ వంతే వదిలేసుకున్నాడు, పడ్డవాడికి మరో వంతు రాదు. లక్ష్మీరాజం నవ్వేద్దామనుకున్నాడు గానీ నవ్వు రాలేదు. చాయ్ కూడా వద్దని పక్కకు తిరిగి పడుకున్నాడు.

పొద్దున నీరజ లేవగానే శివకృష్ణ తలుపు దగ్గర నిలబడి జరిగిందంతా చెప్పాడు. జాలి అంటుందేమోనని గంగన్న పడ్డ సంగతి రెండుసార్లు చెప్పాడు. లోపలి నుంచి నీరజ అడిగింది.

“బాపు ఏమంటుండు?”

“చాయ్ ముడ్తలేడు.”

“అయితే ఇయ్యాల బాపుకు నేను బద్లీ. నా వంతు ఇడుస్తున్న. మొండిప్రాణం పనిచెయ్యకుంటే కనకవ్వ పడ్తది. రూలేనా?”

“రూలే,” అన్నాడు వాడు, వీడియోకాల్ కలిపి.

లక్ష్మీరాజం లేచొచ్చి తలుపుకు చెవి ఆనించాడు. లోపల పాచిక నేల మీద దొర్లి ఆగింది.

“ఆరు,” అంది నీరజ.

“చాయ్ పెట్టు భూదేవీ,” అన్నాడాయన, పాచిక తనే వేసినంత గర్వంగా.

శివకృష్ణ చేతిలోని ఫోన్‌లో అక్క ముఖం కనిపిస్తోంది, పాచిక కనిపించడం లేదు. ఆ ముఖం వాడి కళ్లలోకి కాక పైకప్పు వైపు చూస్తోంది. ఫోన్ తిప్పి చూపించమని అడగాలి. వాడు పెట్టిన రూలే.

“గంగన్న లేసిండు,” అని తీర్పు చెప్పి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.