మడమ చరణం

ఓజిల్ కవిగారిది అర్థాన్ని మూసిపెట్టే శైలి. వినగానే అర్థమైనది పాట కాదు, సుఖంగా కూచుంటే పుట్టిందీ పాట కాదు అని ఆయన సిద్ధాంతం. రాయడం ఆయన వంతు, కోటకోటకీ తిరిగి పాడడం ఆయన పాటగత్తె రిక్సెండ వంతు. ఏడేళ్లుగా పాడుతున్నా ఆమెకు ఒక్క చరణమూ బోధపడలేదు. ఆ బెంగ ఆమెకు లేదు కూడా. ఈ చలికాలం పొయ్యి పక్కన పడక దొరికితే అదే చాలు. కిందటేడు గుర్రాలశాలలో పడుకుంటే చలికి ఎడమ మడమ నెత్తురు కారేలా పగిలింది.

చలికాలం మొదట్లో వచ్చే సెయింట్ మార్టిన్ పండగ విందునాడు దొరసాని సౌరినా కోటలో పాట మొదలైంది. నచ్చితే ఈస్టర్ దాకా ఇద్దరికీ వసతి. నాలుగో చరణం దగ్గర రిక్సెండకు ఒక్క ముక్కా గుర్తు రాలేదు. ఫిడేలు ఆపకుండా, కళ్ళముందు బల్లమీదా పొయ్యిలోనూ ఉన్నదీ కడుపులో ఉన్నదీ కలిపి పాడేసింది:

“ఆవముద్దలో ఈలుచేప మునిగె. ఓ చెస్ట్‌నట్ కాయా, నీకు పొయ్యి దొరికె, నాకు మడమ పగిలె.”

ఓజిల్ మొహం మాడిపోయింది. దొరసాని మాత్రం కళ్ళు తుడుచుకుంది.

“ఈలుచేపంటే ఆత్మేనండీ,” అన్నాడు కోట పాదిరి, ఆ చేపనే నములుతూ. “మడమంటే మనిషి గర్వం.”

“అబ్బ, ఆ మడమ! గుండె కోసేశావయ్యా ఓజిల్,” అంది దొరసాని.

ఓజిల్ మొహం వెలిగిపోయింది. వంగి దణ్ణం పెట్టాడు. “ఆ ఒక్క చరణానికే మూడు నెలలు పట్టిందమ్మా.”

కవిగారికి పొయ్యి ఉన్న గది, మందపాటి ఉన్ని దుప్పటి ఇచ్చారు. మడమ కోసం ఏడ్చిన దొరసానే రిక్సెండను గుర్రాలశాలకు పంపింది. రిక్సెండకు ఒళ్ళు మండిపోయింది.

నాలుగో రోజు పొద్దున్నే ఓజిల్ దుప్పటి కప్పుకుని గుర్రాలశాలకు దిగొచ్చాడు.

“ఒసేయ్ రిక్సెండా, ఆదివారానికి అలాంటివే ఇంకో ఐదు చరణాలు కావాలందే దొరసాని. లేకపోతే ఇద్దర్నీ గెంటేస్తుందట. కాస్త చెప్పవే.”

“మీరే రాయొచ్చుగా అయ్యగారూ?”

“మూడు రోజుల్నించీ కూచున్నా. ఒక్కటి వస్తే ఒట్టు.”

“పొయ్యి పక్కన కూచుంటే ఎలా వస్తాయండీ? ఆ మాట మీరేగా అంటారు.” రిక్సెండ ఫిడేలు చంకన పెట్టుకుని, తన గడ్డిపక్క చూపించింది. “ఇక్కడ పడుకోండి. మడమ పగిలిందంటే వాటంతటవే వస్తాయి. ఆదివారం దాకా పగలకపోతే నన్ను లేపండి, పైన మీ గదిలో ఉంటా.”

ఆయన ఇంకా నోరు తెరిచి చూస్తుండగానే, పోతూపోతూ భుజం మీది దుప్పటి కూడా లాక్కుపోయింది.