డెల్బర్ట్ కొట్టిన రివెట్లు

వెన్సెల్ పోయాక ఆయన పాత మోటార్ సైకిల్ కూతురు మార్లిస్‌కి వచ్చింది. నడిపేది మాత్రం అల్లుడు డెల్బర్ట్. ఆవిడ పక్కతొట్టిలో, అంటే సైడ్‌కార్‌లో, కూర్చుని, పళ్లెం మీద మూత పట్టుకున్నట్టు టోపీ పట్టుకునేది. ఈ ఆదివారం సరస్సు ఒడ్డున జరిగే పాత బళ్ల ఊరేగింపులో తానే నడుపుతానంది.

డెల్బర్ట్ ఆలోచించి ఒక పందెం పెట్టాడు. వెనక చక్రానికి కొత్త స్ప్రాకెట్, అదే గొలుసు తిరిగే పళ్లచక్రం, తానే బిగిస్తాడట. "అది తిన్నగా తిరిగితే నేను నడుపుతా. వంకర తిరిగితే నువ్వు."

"వంకరైతే గొలుసు ఊడి రోడ్డు మీద పడుతుంది. ఇంకెవరు నడుపుతారు?"

"అది నీ అదృష్టం."

న్యాయమైన పందెమే అనుకుంది మార్లిస్, పందెం పెట్టినవాడి వైపు నుంచి చూస్తే.

శనివారం మధ్యాహ్నం షెడ్డులో పని మొదలైంది. బ్రేకు డ్రమ్ము మీద స్ప్రాకెట్ పెట్టి, కన్నాల్లో రివెట్లు దూర్చి, కింద ఇనుప దిమ్మ ఆనించి పైన సుత్తితో కొట్టాలి. కొన సాగి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. డ్రమ్ము పట్టుకోవడం మార్లిస్ వంతు, సుత్తి డెల్బర్ట్ వంతు.

మొదటిది కొట్టాడు. బాగానే ఉంది. వెంటనే దాని పక్కదాని మీదికి సుత్తి ఎత్తాడు. పక్కపక్కనే కొట్టుకుంటూ పోతే, పరుపు దుప్పటి ఒకవైపే దోపినట్టు, అవతలి వైపు లేచిపోతుంది. ఒకటి కొట్టాక దాని ఎదుటిది కొట్టాలని మార్లిస్ తండ్రి దగ్గర నేర్చుకుంది. చెప్పవచ్చు. కానీ డెల్బర్ట్‌కి చెప్పి చేయించడం ఆవిడ ఎప్పుడో మానేసింది. చెబితే పట్టుదలగా పక్కదే కొడతాడు.

వంకర తిరిగితే పందెం తనదే. బండి మాత్రం షెడ్డులోనే ఉంటుంది.

సుత్తి దిగేలోపే డ్రమ్మును అర చుట్టు తిప్పింది.

"ఎందుకు తిప్పావ్?"

"చెయ్యి నొప్పి. నీ ముందున్నది కొట్టు."

కొట్టాడు. ఆవిడ మళ్లీ తిప్పింది. అతను చేపల వేపుడు గురించి, నిరుడు ఊరేగింపులో ముందు నడిచిన బండి పొగ గురించి చెబుతూ ముందుకొచ్చినదల్లా కొట్టాడు.

సాయంత్రం వెన్సెల్ స్నేహితుడు ఆర్విల్ తీర్పరిగా వచ్చాడు. ఒక మేకును స్ప్రాకెట్ అంచుకి దగ్గరగా నిలబెట్టి చక్రం తిప్పాడు. అంచు ఎక్కడా మేకు దగ్గరికీ జరగలేదు, దూరమూ జరగలేదు.

"నేను నడుపుతున్నాను," అన్నాడు డెల్బర్ట్.

"ఆగు. ఏ వరసలో కొట్టావ్?"

"వరసేంటి? నా ముందుకి వచ్చింది కొట్టాను."

"నీ ముందుకి తెచ్చింది ఎవరు?"

డెల్బర్ట్ భార్య వైపు చూశాడు. ఆవిడ గుడ్డతో చేతులు తుడుచుకుంటోంది, చాలా శ్రద్ధగా.

"మార్లిస్."

"ఊఁ?"

"చెయ్యి నొప్పి అన్నావ్."

"అన్నాను."

"ఇప్పుడెలా ఉంది?"

"హ్యాండిల్ పట్టుకుంటే తగ్గేలా ఉంది."

"మీ నాన్న కూడా ఇంతే, అమ్మాయ్," అన్నాడు ఆర్విల్, ఆవిడకి అరవై దాటినా. "సుత్తి వేరేవాడి చేతికిచ్చేవాడు."

డెల్బర్ట్ పక్కతొట్టి వైపు నడిచి, కాళ్లు ఏ మాత్రం పడతాయో చూసుకుంటూ అన్నాడు, "మలుపుల దగ్గర మెల్లగా పోనివ్వు."

"రేపు కదా."

"ఇప్పట్నుంచే చెప్తున్నా."