లోపలి మీట

ఆఫీసులో అందరూ ఆమెను గడియమ్మ అనేవారు. తలుపు గడియలు రూపొందించడం ఆమె ఉద్యోగం. వెక్కిరించడానికే ఆ పేరు పెట్టినా ఆమె మురిసిపోయేది. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, పోయినేడు చేసిన గడియంటే ఆమెకు మరీ ముద్దు. మతిమరుపు ముదిరిన పెద్దవాళ్లు వృద్ధాశ్రమం దాటి రోడ్డున పడకుండా చేసిన గడియ అది. తలకంటే ఎత్తులో మీట, నడుము దగ్గర పిడి. మీట నొక్కిపట్టి పిడి లాగితేనే తలుపు తెరుచుకుంటుంది. పరీక్ష పెడితే నలభై మందిలో ఒక్కరూ తెరవలేకపోయారు. "నలభైకి నలభై!" అని ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. మనుషులు తలుపు తీయలేకపోతే చప్పట్లు కొట్టడమేమిటని అప్పుడు ఎవరికీ తోచలేదు, ఆమెకు అసలే తోచలేదు.

సోమవారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. అక్క ఒక బట్టల ఫ్యాక్టరీలో, రెండో అంతస్తు హాల్లో, తొంభై మంది ఆడవాళ్ల మధ్య కూర్చుని మిషన్ కుడుతుంది.

"ఏమే, నెల కిందట మా హాలుకి మీ కంపెనీ గడియ పెట్టారే! నువ్వు ఫొటోలో చూపించిందే."

"మీ హాలుకా? ఎందుకక్కా?"

"మాటిమాటికీ బాత్రూమని లేచిపోతున్నామట. ఇప్పుడు సూపర్‌వైజర్ తీస్తేనే బయటికి. మా చెల్లి చేసిందేనని అందరికీ చెప్పుకున్నాలే," అని నవ్వింది అక్క.

గడియమ్మకు నవ్వు రాలేదు. ఆ హాలు ఆమె ఒకసారి చూసింది. గోడల పొడవునా గుడ్డల కట్టలు, వరసగా ఇస్త్రీపెట్టెలు, కిటికీలకు ఇనుప చువ్వలు, ఉన్నది ఒకటే తలుపు. పక్కనే ఎప్పుడూ ఒక నర్సు ఉంటుందన్న ధీమాతో చేసిన గడియ అది. ఆఫీసుకు రాగానే నేరుగా మేనేజరు గదికి వెళ్లింది.

"కత్తి చేసినవాడు ఎవరేం కోస్తారో చూస్తూ కూర్చుంటాడా తల్లీ? మనం అమ్మాం, వాళ్లు కొన్నారు," అన్నాడాయన.

"ఆ కత్తి కింద మా అక్క ఉంది సార్."

ఆయన ఫైల్లోంచి తల ఎత్తలేదు.

మర్నాడు గడియ సరిచూసే వంకతో, సంచిలో స్క్రూడ్రైవర్ పడేసుకుని ఫ్యాక్టరీకి వెళ్లింది. కనీసం తలుపు తీసే పద్ధతైనా అందరికీ నేర్పి రావాలనుకుంది. సూపర్‌వైజర్ ఆమెను లోపలికి పంపి, తలుపు వేసి టీకి వెళ్లాడు. అక్క మిషన్ దగ్గర్నుంచి చెయ్యి ఊపింది. ఆమె నాలుగడుగులు వేసిందో లేదో, మాడిన వాసన వచ్చింది. ఒక ఇస్త్రీపెట్టె కింద చొక్కా అంటుకుంది. చూస్తుండగానే పక్కనున్న గుడ్డల కట్టకు మంట పాకింది. ఎవరో కెవ్వుమన్నారు. తొంభై మందీ తలుపు మీద పడ్డారు.

"జరగండే! మా చెల్లిని రానివ్వండి! దానికి తెలుసు!" అని అక్క అరిచింది.

అందరూ దారి ఇచ్చారు. గడియమ్మ చెయ్యెత్తింది. మీట ఉండాల్సిన చోట మీట లేదు, నున్నటి రేకు ఉంది.

ఆ రేకు కూడా ఆమె గీసిందే. సామాను గదులకూ అమ్ముకోవచ్చని, లోపలి మీట తీసేసి రేకు బిగించుకునే వీలు తనే పెట్టింది. ఒకే సరుకు రెండు పనులకొస్తుందని మేనేజరు మెచ్చుకున్నాడు కూడా. స్క్రూడ్రైవర్ తీసింది. స్క్రూల తలలకు గాట్లు లేవు. పరీక్షలో ఒక ముసలి వడ్రంగి ఎక్కడో సంపాదించిన చెంచాతో వాటిని తిప్పబోతే, ఆ తర్వాత తలలు నునుపు చేయించింది ఆమే. పొగ గొంతులోకి దిగుతోంది. వెనక నుంచి "తీయమ్మా, తీయి తల్లీ" అంటున్నారు. పిడి పట్టుకుని పిచ్చిగా లాగింది. వెనక్కి తిరిగి వాళ్ల మొహాలు చూడడానికి భయం వేసింది.

ఇద్దరు ఆడవాళ్లు మంచినీళ్ల డ్రమ్ము దొర్లించుకెళ్లి మంట మీద కుమ్మరించారు. ఒకటికి రెండుసార్లు భగ్గుమని, ఎట్టకేలకు ఆరింది. అప్పుడొచ్చాడు సూపర్‌వైజర్. బయటి మీట నొక్కి తలుపు తీసి, "ఏంటా గోల?" అన్నాడు.

అందరూ దగ్గుతూ మెట్ల మీదికి తోసుకుపోయారు. అక్క మాత్రం ఆగి, చెల్లెలి భుజం పట్టుకుంది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"గడియ పెట్టిన రోజు వీళ్లంతా ఈ తలుపుంటే పనిలోకి రామని బయటే కూర్చున్నారే. మా చెల్లి చేసింది, లోపల్నుంచి తీసే కిటుకేదో పెట్టే ఉంటుందని చెప్పి నేనే లోపలికి తీసుకొచ్చాను."

గడియమ్మ మెట్లు దిగలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది.

కాసేపటికి సూపర్‌వైజర్ అందరినీ మళ్లీ లోపలికి తోలాడు. "జరగండి మేడమ్, తలుపెయ్యాలి," అన్నాడు.

ఆమె గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. అతను రెండోసారి అన్నాడు, మూడోసారి అరిచాడు. ఆమె లేవలేదు.