గ్రాఫు మీది గుట్ట

గ్రాడ్యుయేషన్ అంటే పట్టా పుచ్చుకోవడమని లోకమంతా అనుకుంటుంది. చిట్టి చదివే ఆక్చురియల్ సైన్సులో, అంటే బీమా లెక్కల చదువులో, ఆ మాటకి ఇంకో అర్థం ఉంది: ఎగుడుదిగుడు అంకెల్ని సాపు చెయ్యడం. ఏ వయసువాళ్ళు ఏడాదికి ఎంతమంది పోతారో లెక్కగట్టి గీత గీస్తే అది వంకరటింకరగా వస్తుంది. తాపీతో సిమెంటు రాసినట్టు దాన్ని నున్నగా రాసి బీమా కంపెనీ చేతిలో పెట్టాలి. గీత నున్నబడితేనే చిట్టికి డిగ్రీ.

ఆమె ప్రాజెక్టు పరంజాలు కట్టే కూలీల బీమా. గీత ఇరవై దాటగానే గుట్టలా లేచింది. పాతిక దాటాక దిగింది.

"గుట్ట తీసెయ్యమ్మా," అన్నారు మాస్టారు. "డేటా చారెడు. నలుగురు అటో ఇటో పడితే గీత ఎగిరిపడుతుంది. అది ఉత్త యాదృచ్ఛికం."

"ఏ ఏడాది చూసినా అక్కడే లేస్తోంది సార్."

"ఆవేశం నాటకం క్లాసులో చూపించు. ఇక్కడ నున్నగా ఉండాలి."

ఆ యూనివర్సిటీలో అందరూ అన్నీ చదవాలి. పొద్దున నీతిశాస్త్రం, మధ్యాహ్నం నాటకం, సాయంత్రం చావుల పట్టిక. పొద్దున మనిషికి వెల లేదని చెప్పి, సాయంత్రానికి అదే మనిషికి వెల కట్టించేవాళ్ళు. ఇదేం చదువని అడిగిన నాథుడు లేడు.

చిట్టి ఉండేది అక్కా బావల ఇంట్లో. బావ పరంజా కూలీయే.

"ఏమే కాలిక్యులేటరూ, నేనెప్పుడు పోతానో తేల్చావా? ముందే చెబితే మీ అక్క ఏడుపు ప్రాక్టీసు చేసుకుంటుంది."

"ఆ నోటికి తాళం వెయ్యండి!" వంటింట్లోంచి అక్క అరిచింది.

చిట్టి గుట్ట చూపించింది. బావ దాని మీద వేలు పెట్టాడు. ఆ ముఖంలో నవ్వు ఇంకిపోయింది.

"పడిపోకుండా నడుముకి కట్టుకునే బెల్టులు తక్కువ," అన్నాడు. "పాతవాళ్ళు బెల్టు కట్టుకుంటారు, మేం గాలి కట్టుకుంటాం." వేలు తీసేసి, "సాపు చేసెయ్యి," అన్నాడు.

"బావా!"

"కంపెనీ దీన్ని చూసిందంటే మా వయసువాళ్ళకి ప్రీమియం పెంచుతుంది. కాంట్రాక్టరు కడతాడనుకున్నావా? పాతికలోపు వాడెవడూ గేటు తొక్కొద్దంటాడు. నాకింకా ఇరవై నాలుగే. నువ్వది సాపు చేస్తే నీ డిగ్రీ నీకు, నా పని నాకు."

చిట్టి రెండు గీతలూ సిద్ధం చేసుకుంది. చూపించాల్సిన రోజు మాస్టారి పక్కన బీమా కంపెనీ ఆఫీసరు కూర్చున్నాడు. ఆమె మీట నొక్కింది. తెర మీద గుట్ట లేచింది.

"అది కాదమ్మా, రెండోది పెట్టు," అన్నారు మాస్టారు.

"ఇదేనండి. బెల్టు లేకుండా ఎక్కించినవాళ్ళు వీళ్ళు. వీళ్ళని చెరిపేస్తే ఇక బెల్టు సంగతి అడిగే దిక్కుండదు."

మాస్టారు ప్రాజెక్టు మీద సంతకం పెట్టలేదు. వచ్చే ఏడాది మళ్ళీ రమ్మన్నారు. ఆఫీసరు మాత్రం ఆ వయసులు రాసుకున్నాడు. బెల్టు మాట రాసుకోలేదు.

చిట్టి ఇంటికొచ్చి చెప్పేసింది. బావ పళ్ళెం పక్కకి తోశాడు.

"నోటికాడ కూడు లాగేశావు కదే!"

"నా డిగ్రీ కూడా పోయింది బావా."

"ఆహా! ఒంటరిగా మునగలేక నన్నూ లాగావన్నమాట."

అక్క గ్లాసులో నీళ్ళు పోసి బావ ముందు పెట్టింది. చెల్లెలి వైపు చూడలేదు. అదే చిట్టికి ఎక్కువ తగిలింది.

"రేపు నన్ను నీతోటి కూలీల దగ్గరికి తీసుకెళ్ళు," అంది. "ఈ గుట్ట వాళ్ళకి చూపిస్తాను. అందరికీ బెల్టులిచ్చేదాకా ఎవరూ ఎక్కొద్దని చెబుదాం."

"చెబితే ముందు నన్నే పీకేస్తారు."

"ఎలాగూ పీకేస్తారన్నావుగా."

బావ ఆమెని కొట్టేలా చూశాడు. తర్వాత పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు.

"పొద్దెక్కకముందే గేటు దగ్గరుండాలి," అన్నాడు. "నువ్వు లేచి ఏడవగలవా అసలు?"